లోన్‌తో పాటు చేసిన ఇన్సూరెన్స్ ఇంటికి కాదట! ఇప్పుడు ఏ పాలసీ తీసుకోవాలి?

విజయవాడ పాయకాపురం వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె రాసినదాంట్లో ముఖ్యమైన సంగతులు ఇవి.

2019లో భర్త పేరు మీద ఇల్లు కొన్నారు. కింద వీళ్లు ఉంటారు, పై వాటా అద్దెకు ఇచ్చారు. హోమ్ లోన్‌లో ఆమె కో-అప్లికెంట్. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులో ఇన్సూరెన్స్ తప్పనిసరి అని చెప్పి 71,000 రూపాయల ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపారు. ఇంటికి ఏదైనా జరిగితే కంపెనీ చూసుకుంటుందని దంపతులిద్దరూ ధైర్యంగా ఉన్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వాళ్ల వీధిని ముంచేసింది. ఇంట్లో ఛాతీ లోతు నీళ్లు. పై వాటాలో తలదాచుకుని, నీళ్లు తీశాక కిందికి దిగి చూస్తే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మంచాలు, పరుపులు, చెక్క బీరువా, వంటింటి అలమరలు ఏవీ మిగల్లేదు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడతారు. కుట్టు మిషన్లు, కస్టమర్లు ఇచ్చిన పట్టుచీరలు, జాకెట్ ముక్కలు బురదలో కలిసిపోయాయి. ప్రభుత్వం ఇచ్చిన 25,000 వైరింగ్‌కు, మోటారుకే సరిపోయింది. క్లెయిమ్ కోసం బ్యాంకుకు వెళ్తే, "ఇది మీ వారి ప్రాణానికి చేసిన పాలసీ అమ్మా, ఇంటికి కాదు" అన్నారట.

అప్పటి నుంచి ఇంట్లో ఇన్సూరెన్స్ మాట ఎత్తితే గొడవ. "ఆ రోజు బ్యాంకులో మాట్లాడింది నువ్వే కదా, సంతకం పెట్టమంది నువ్వే కదా" అంటారట భర్త. ఇక ఒక్క రూపాయి కూడా కట్టనని తేల్చేశారు. మరిదేమో ఇల్లు 90 లక్షలు పలుకుతుంది కాబట్టి 90 లక్షలకే చేయించమంటున్నారు. మళ్లీ వానాకాలం వస్తుందంటే ఆమెకు నిద్ర పట్టడం లేదు. కుట్టుపని డబ్బుతో భర్తకు చెప్పకుండా పాలసీ తీసుకోవాలా, తీసుకుంటే ఏది తీసుకోవాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు. లోన్ స్టేట్‌మెంట్‌లో 3,850 రూపాయల చిన్న కోత ఒకటి కనిపిస్తోందట. అదేమిటో ఎవరూ చెప్పలేదట.

అమ్మా, ముందు ఆ సంతకం గురించి చెబుతాను. హోమ్ లోన్ దగ్గర కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయమంటారు. లోన్ వస్తుందో రాదో అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఏ కాగితం దేనికని అడగరు. అడిగితే లోన్ ఆలస్యమవుతుందేమోనని భయం. అక్కడ మీరిద్దరూ కూర్చున్నారు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. మాట్లాడింది మీరు కాబట్టి తప్పు మీదే అనడం న్యాయం కాదు. ఏ పాలసీ దేనికో విడమరిచి చెప్పాల్సిన బాధ్యత దాన్ని అమ్మినవాళ్లది.

లోన్ సమయంలో సాధారణంగా రెండు రకాల పాలసీలు నడుస్తాయి. ఒకటి రుణానికి రక్షణగా తీసుకునే జీవిత బీమా. అప్పు తీసుకున్నవారు చనిపోతే మిగిలిన బాకీని కంపెనీ కడుతుంది, కుటుంబం మీద అప్పు పడదు. ప్రీమియం మొత్తం ఒకేసారి తీసుకుంటారు కాబట్టి వేలల్లో, లక్షల్లో ఉంటుంది. దాన్ని లోన్‌లో కలిపితే దాని మీద వడ్డీ కూడా మీరే కడుతుంటారు. మీ 71,000 ఇదే. రెండోది ఇంటి కట్టడానికి చేసే అగ్నిప్రమాదం, ప్రకృతి విపత్తుల బీమా. తనఖా పెట్టుకున్న ఇల్లు కూలిపోతే బ్యాంకుకూ నష్టమే కాబట్టి చాలా బ్యాంకులు దీన్ని అడుగుతాయి. దీని ప్రీమియం చాలా తక్కువ.

అందుకే మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన ఆ 3,850 దగ్గర నేను ఆగాను. అది ఇంటి కట్టడం పాలసీ అయ్యే అవకాశం ఉంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఒక లేఖ ఇవ్వండి. ఈ తేదీన ఈ మొత్తం ఎందుకు తీసుకున్నారు, ఏ కంపెనీ పాలసీ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, పాలసీ కాపీ ఇవ్వండి అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పంపించేస్తారు.

ఆ పాలసీ 2024 సెప్టెంబరు 1 నాటికి అమల్లో ఉందని తేలితే ఆ బీమా కంపెనీకి వెంటనే క్లెయిమ్ రాయండి. ఆలస్యమైందని వెనకాడవద్దు. నిజమైన క్లెయిమ్‌ను కేవలం ఆలస్యం సాకుతో యాంత్రికంగా తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. అయితే ఇంత కాలం తర్వాత నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చి చూడటానికి ఏమీ మిగిలి ఉండదు. ఆ రోజుల్లో ఫోన్లో తీసిన ఫొటోలు, వైరింగ్, రంగులు, తలుపుల పని బిల్లులు మీ ఆధారం. ఇంకొకటి కూడా ఉంది. ప్రభుత్వం 25,000 ఇచ్చింది గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకే, పై అంతస్తులవాళ్లకు 10,000 ఇచ్చారు. మీ ఖాతాలో పడిన 25,000 ఎంట్రీ, మీ కింది వాటా మునిగిందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ పేజీ ప్రింట్ తీసి జత చేయండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దాన్నీ తిరస్కరించినా, నెలలోపు జవాబు రాకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) కార్యాలయానికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన తేదీ నుంచి ఏడాది లోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి ఆ లేఖ ఈ వారమే ఇచ్చేయండి. ఒకవేళ ఆ 3,850 పాలసీ ఒక్క ఏడాదికే తీసుకుని, తర్వాత రెన్యువల్ కాలేదని తేలితే క్లెయిమ్ రాదు. దానికి కూడా మనసు సిద్ధం చేసుకోండి.

ఇక ఆ 71,000 వెనక్కి తెచ్చుకోవచ్చా? అబద్ధం చెప్పి అమ్మారని మీకు అనిపిస్తే ముందు బ్యాంకుకు, అక్కడ న్యాయం జరగకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే దారి ఉంది. కానీ 2019 నాటి సంగతి, మీ సంతకాలు ఉన్నాయి. ఆశ పెట్టుకోమని నేను చెప్పలేను. పైగా ఆ పాలసీ పనికిరానిది కాదు. జరగరానిది జరిగితే ఆ అప్పు మీ మీద, పిల్లల మీద పడకుండా కాపాడేది అదే. కోపంలో రద్దు చేసుకోవద్దు. ఎంత మొత్తానికి ఉంది, ఎప్పటి వరకు ఉంది, నామినీ ఎవరు అన్నది చూసి భద్రంగా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దేనికి చేయించాలో తెలియాలంటే, ఆ రోజు మీకు పోయింది ఏమిటో గుర్తు చేసుకోండి. గోడలు కూలలేదు, శ్లాబు పడలేదు. పోయింది సామాను. వైరింగ్, తలుపులు, మోటారు కలిపినా ఫ్రిజ్, మంచాలు, అలమరల విలువలో కొంతే. ఆ వరదలో కాంక్రీటు ఇళ్లున్న చాలా కుటుంబాల నష్టం ఇలాంటిదే. అంటే బ్యాంకులు అడిగే కట్టడం పాలసీ మీ దగ్గర పక్కాగా ఉండి ఉన్నా, మీ నష్టంలో చిన్న భాగమే వచ్చేది. సామానుకు విడిగా రక్షణ ఉండాల్సిందే. ఈ తేడా తెలియక, ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఎందరో.

మీలాంటివాళ్లకు నేను ముందుగా చూడమనేది భారత్ గృహ రక్ష. ఇది ఒక కంపెనీ సరుకు కాదు. ఐఆర్‌డీఏఐ తయారుచేసిన ప్రామాణిక పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి అగ్నిప్రమాద బీమా చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని ఇవ్వాలని చెప్పింది. షరతులు అంతటా ఒకటే, ప్రీమియమే కంపెనీని బట్టి మారుతుంది. మంటలు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, చెట్టో వాహనమో వచ్చి గుద్దడం, అల్లర్లు, వాటర్ ట్యాంకు పగలడం, పైపు పగిలి ఇల్లు తడవడం ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కట్టడం కిందికే వస్తాయి.

దీంట్లో నాకు బాగా నచ్చింది సామాను విషయం. కట్టడానికి ఎంత మొత్తానికి చేయిస్తారో అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామానుకు దానంతట అదే రక్షణ వస్తుంది. మీ ఇంట్లో ఏమేం ఉన్నాయో జాబితా ఇవ్వనక్కర్లేదు. అంతకంటే ఎక్కువ కావాలంటేనే వివరాలు రాయాలి.

మీ మరిది గారు చెప్పిన 90 లక్షల లెక్క మాత్రం వద్దు. ఆ 90లో స్థలం ధరే చాలా ఉంటుంది. వరదొచ్చినా భూకంపమొచ్చినా స్థలం ఎక్కడికీ పోదు, దానికి బీమా ఉండదు. చూడాల్సింది మళ్లీ కట్టాలంటే ఎంతవుతుంది అన్నది. కార్పెట్ ఏరియాను (గోడలు పోగా ఇంటి లోపలి వైశాల్యాన్ని) మీ ప్రాంతంలో చదరపు అడుగుకు అయ్యే నిర్మాణ ఖర్చుతో గుణించాలి. రెండు వాటాలూ కలిపి 2,000 చదరపు అడుగులు అనుకుందాం, అడుగుకు 2,000 రూపాయలు అనుకుందాం. 40 లక్షలు వస్తుంది. దానిమీద సామానుకు 8 లక్షలు ఎలాగూ ఉంటుంది. 90 లక్షలకు ప్రీమియం కట్టినా వచ్చేది జరిగిన నష్టమే, అంతకు పైసా ఎక్కువ రాదు. మీ మేస్త్రీనో తెలిసిన ఇంజినీరునో అడిగి అడుగు ధర ఖాయం చేసుకోండి.

మరి తక్కువకు చేయిస్తే? పాత పద్ధతి పాలసీల్లో ఇది పెద్ద దెబ్బ. 40 లక్షల ఇంటికి 20 లక్షలకే చేయిస్తే, 2 లక్షల నష్టం జరిగినా లక్షే చేతికొచ్చేది. సగానికి చేయించారు కాబట్టి సగమే ఇస్తామనేవారు. గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తం దాటనంత వరకు పూర్తి నష్టం ఇస్తారు. 10 ఏళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలుంది. ఏడాదికి మించి తీసుకుంటే కట్టడం మీద బీమా మొత్తం ఏటా 10 శాతం అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది. ఇసుక, సిమెంటు ధరలు పెరిగే తీరు చూస్తే ఇది చిన్న సదుపాయం కాదు. పైగా ఏటా రెన్యువల్ మర్చిపోయే బెడద ఉండదు.

ఇక గృహ రక్షలో లేనిది కూడా తెలుసుకోవాలి. మామూలు దొంగతనానికి ఇందులో డబ్బు రాదు. వరదలాంటిది జరిగి, ఆ కారణంగా 7 రోజుల్లోపు దొంగతనం జరిగితేనే ఇస్తారు. మీరు పై వాటాలో ఉండగా కింద ఎవరైనా సామాను ఎత్తుకెళ్తే అది దీని కిందికి వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొడితే రాదు. ఆ భయం కూడా ఉంటే కంపెనీలు విడిగా అమ్మే హౌస్‌హోల్డర్స్ ప్యాకేజ్ పాలసీ చూడాలి. అందులో దొంగతనం, ఫ్రిజ్ లాంటి ఎలక్ట్రికల్ సామాన్లు చెడిపోవడం, నగలు ఇలా విడివిడి భాగాలుంటాయి, కావలసినవి ఎంచుకోవచ్చు. ప్రీమియం ఎక్కువ, షరతులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. వస్తువు పాతబడినందుకు విలువ తగ్గిస్తారా లేదా అని ముందే అడగండి. మీ ఉత్తరంలో నాకు దొంగల భయం కనిపించలేదు, నీళ్ల భయమే కనిపించింది. కాబట్టి ఈ ఖర్చు మీకు అత్యవసరం అనుకోను.

నగలు కూడా మామూలు సామానులో కలవవు. వాటికి గృహ రక్షలో విడిగా రక్షణ చేర్చుకోవాలి. లాకర్‌లో పెడితే నిశ్చింత అనుకుంటాం కదా, అక్కడా ఒక మెలిక ఉంది. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. బ్యాంకు నిర్లక్ష్యం లేకుండా వరదలాంటి ప్రకృతి విపత్తు వల్ల పోతే అదీ ఉండదు.

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది మీ కుట్టుపని. దీని గురించి ఏజెంటు అడగడు, మీరూ చెప్పరు, రేపు క్లెయిమ్ దగ్గర అదే గొడవవుతుంది. గృహ రక్ష ఇంటి వాడకం సామానుకు మాత్రమే. వృత్తి మీద వాడే మిషన్లు, కస్టమర్ల చీరలు అందులోకి రావు. ఇంట్లో కుట్టుపని చేస్తున్నట్టు ప్రపోజల్ ఫారంలో (పాలసీ కోసం నింపే దరఖాస్తులో) రాయండి. మిషన్లకు, బట్టలకు విడిగా చిన్న వ్యాపారాల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. మీ దగ్గర ఉంచిన కస్టమర్ల వస్తువులకు కూడా రక్షణ కావాలని చెప్పి, ఆ మాట పాలసీలో రాయించుకోండి. ఆ పట్టుచీరల డబ్బు మీరే చేతి నుంచి కట్టారని రాశారు. చదివి చాలా బాధేసింది.

అలాగే 2024లో ఇల్లు మునిగిందన్న సంగతి దాచవద్దు. "అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి" అని ఎవరైనా సలహా ఇస్తారు. దాచిన సంగతి తర్వాత బయటపడితే క్లెయిమే పోతుంది. పై వాటా అద్దెకిచ్చినట్టూ రాయండి. నష్టం వల్ల ఆ వాటాలో ఉండలేని పరిస్థితి వస్తే పోయిన అద్దెకు కూడా ఈ పాలసీలో కొంత రక్షణ ఉంది. అద్దెకున్నవాళ్ల సామాను మాత్రం మీ పాలసీలోకి రాదు. వాళ్లు సామానుకు మాత్రమే గృహ రక్ష తీసుకోవచ్చు, చెప్పి చూడండి.

పాలసీ చేతికొచ్చాక ఒక పని చేయండి. ఫోన్ తీసుకుని ప్రతి గదీ నెమ్మదిగా వీడియో తీయండి. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ పక్కన మోడల్, సీరియల్ నంబర్లున్న స్టిక్కరు దగ్గరగా కనిపించాలి. బిల్లులు కూడా ఫొటో తీసి ఊళ్లో లేని తమ్ముడికో చెల్లెలికో వాట్సాప్‌లో పంపండి. మళ్లీ అలాంటి రోజు వస్తే, గోడ మీద బురద చార కడిగేయకముందే, పక్కన టేపు పెట్టి ఎన్ని అడుగుల ఎత్తు వచ్చిందో ఫొటో తీయండి. అప్పుడు అందరూ చేసినట్టు తడిసిన పరుపులు, బీరువాలు రోడ్డు మీద పడేయవద్దు. కంపెనీకి ఫోన్ చేసి, సర్వేయర్ చూసే వరకు ఒక మూలన ఉంచండి. వాసనకు ఉంచలేకపోతే ఫొటోలు తీసి, పడేస్తున్నామని కంపెనీకి మెసేజ్ పెట్టాకే తీసేయండి.

ఇక మీ వారికి చెప్పకుండా తీసుకోవాలా అన్నది. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. కట్టడం పాలసీ యజమాని పేరు మీదే ఉండాలి, కాగితాలు ఆయనవే కావాలి, లోన్ ఉన్నంత కాలం బ్యాంకు పేరూ అందులో రాస్తారు. కాబట్టి దొంగచాటుగా ఆ పాలసీ తీసుకోవడం కుదరదు. కుదిరినా, డబ్బు విషయంలో ఇప్పటికే అపనమ్మకం వచ్చిన ఇంట్లో అది ఇంకో గాయం అవుతుంది.

ఆయన కోపాన్ని నేను కొట్టిపారేయను. 71,000 కట్టి, ఇల్లు మునిగి, చేతికి ఏమీ రాని మనిషి ఇంకేమంటారు? "మళ్లీ ఇన్సూరెన్స్ కడదాం" అని మొదలుపెట్టకండి. బ్యాంకుకు ఇచ్చే లేఖతో మొదలుపెట్టండి. ఆ 3,850 సంగతి తేల్చడానికి ఆయన్నే వెంట తీసుకెళ్లండి. పాత డబ్బు ఎటు పోయిందో ఆయనే స్వయంగా కాగితం మీద చూస్తే, ఏ పాలసీ దేనికో అక్కడే అర్థమవుతుంది. జవాబు వచ్చాక రెండు మూడు కంపెనీల దగ్గర 40 లక్షలకు గృహ రక్ష ప్రీమియం ఎంతో రాయించి తెచ్చి ఆయన ముందు పెట్టండి. ఆ అంకె చూసి ఆయనే ఆశ్చర్యపోవచ్చు.

అప్పటికీ వద్దంటే మీకు రెండు దారులున్నాయి. ఒకటి, సామానుకు మాత్రమే గృహ రక్షను మీ పేరు మీద, మీ డబ్బుతో, ఆయనకు చెప్పే తీసుకోవడం. కట్టడం పాలసీ లేకుండా కూడా దీన్ని ఇస్తారు, కాకపోతే 20 శాతం లెక్క ఉండదు కాబట్టి సామాను విలువ మీరే వేసి చెప్పాలి. పోయినసారి పోయింది సామానే కాబట్టి మీ భయంలో ఎక్కువ భాగం దీంతో తీరుతుంది. గోడలకు, వైరింగ్‌కు మాత్రం రక్షణ ఉండదు. రెండోది, ఏ పాలసీ లేకుండా ఆ ప్రీమియం డబ్బును నెలనెలా దాచుకోవడం. చిన్న చిన్న రిపేర్లకు అది పనికొస్తుంది, మీ వారికీ అభ్యంతరం ఉండదు. కానీ ఆ పొదుపు ఒక ఫ్రిజ్ ఖరీదుకు చేరేలోపే నీళ్లు వస్తే మళ్లీ మొదటికి వస్తారు. నేనైతే మొదటి దారి పట్టమంటాను. మిషన్లకు విడి పాలసీ కూడా ఎలాగూ మీ పేరు మీదే తీసుకోవాలి. ఆ రెండూ ఒకేసారి, వానలు మొదలవకముందే తీసుకోండి. పాలసీ మొదలయ్యాక జరిగిన నష్టానికే డబ్బు వస్తుంది.